పుర్రెబొమ్మల పుస్తకం

ఈ కథను ఈ వారమే చేతికి తీసుకున్నవాళ్ళకు నాలుగు మాటలు చెప్పి ముందుకు పోతాను. మొదటి నుంచీ చదువుతున్నవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. జరిగినదాన్ని మళ్ళీ మళ్ళీ చెప్పుకోవడం నాకేమన్నా సరదానా?

నా పేరు కరుణాకుమారి. నడిమిపాళెం మిషను బడిలో టీచరును. మా అమ్మ నవోమమ్మ బైబిలమ్మ, అంటే ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకు వాక్యం చదివి వినిపించే మనిషి. మా ఊళ్ళో క్రైస్తవుల ఇళ్ళలో ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. అది దేవుడి పిడికెడు. శనివారం శనివారం అమ్మ ఆ బియ్యం పోగుచేసుకొచ్చి మా ఇంట్లో డబ్బాలో పోస్తుంది. కోతల పండుగనాడు చర్చి ముందర దాన్నే వండి అందరికీ పెడతారు. ఈ ఏడు, అంటే అరవై ఆరు ఫిబ్రవరిలో, ఆ అన్నం తిన్నవాళ్ళలో పదిహేడు మందికి మూర్ఛలు వచ్చాయి. నలుగురు చనిపోయారు. అందులో ఒకతె ప్రేమలీల, నా నాలుగో తరగతి పిల్ల. తొమ్మిదేళ్ళది.

దయ్యం పట్టిందన్నారు కొందరు. చేతబడి అన్నారు ఇంకొందరు. మద్రాసు లాబొరేటరీ నుంచి కాగితం వచ్చాక తెలిసింది, అది ఎండ్రిన్ అని. వరికి కాండం తొలిచే పురుగు పడితే చల్లే మందు. అమ్మ బియ్యం పోసిన డబ్బా ఒకప్పుడు ఆ మందు వచ్చిన డబ్బా. మా తమ్ముడు ఆనందబాబు పనిచేసే పురుగుమందుల డిపోలోది. ఇంకేముంది, ఊరి వేళ్ళన్నీ మా అమ్మ వైపు తిరిగాయి. ఢిల్లీ నుంచి విచారణకు వరదాచారి గారనే అధికారి వచ్చి నా తరగతి గదిలోనే కుర్చీ వేసుకుని కూర్చున్నంతవరకు పోయినసారి చెప్పాను.

ఇక వినండి.

ఆ రోజు మంగళవారం. పిల్లలకు సెలవిచ్చేశారు. నల్లబల్ల మీద ముందురోజు నేను రాసిన పాఠం అట్లాగే ఉంది, తుడిచే తీరిక ఎవరికీ లేకపోయింది. దాని కిందే నా బల్ల. బల్ల మీద ఆ డబ్బా. పైరేకు కోయించి, బందులతో మూత పెట్టించి, తళతళలాడుతూ ఉంది. పాడు డబ్బా, ఇంకా కొత్తగానే ఉంది.

గడప మీద క్రీస్తురాజు కూర్చున్నాడు. ప్రేమలీల తండ్రి. కాలవ మీద పడవ నడుపుతాడు, ఇక్కడి సరుగుడు కట్టెలు మద్రాసుకు తోలతాడు. పెళ్ళాం ఎప్పుడో పోయింది, ఉన్నది ఆ ఒక్క పిల్లే. పిల్లను పూడ్చిన మరునాటి నుంచి పడవ ఎక్కలేదు. విచారణ అనగానే వచ్చి గడప పట్టాడు.

"నాకు కేసూ వద్దు, సర్కారోళ్ళ డబ్బూ వద్దు సామీ," అన్నాడు వరదాచారి గారితో పొద్దున్నే. "ఒక్క పేరు కావాల. ఆ విషం నా బిడ్డ నోటి కాడికి తెచ్చింది ఎవురో ఆ పేరు చాలు. అది నా చెవిన పడిందాకా ఈ గడప దిగను."

వరదాచారి గారు తలూపి కాగితాలు సర్దుకున్నాడు. సన్నగా, నెరిసిన జుట్టుతో, ఎక్కడికి పోయినా ఇలాంటి మాటే విని విని అలసిపోయిన మనిషిలా ఉన్నాడు. పక్కన చెక్కపెట్టె నిండా ఫైళ్ళు. ఒక్కో ఫైలు ఒక్కో ఊరిదట. ఒకచోట మందు కలిసిన గోధుమపిండి, ఒకచోట చక్కెర, ఒకచోట సారాసీసాలో పోసి ఇంటికి తెచ్చుకున్న మందు.

ముందు వ్యవసాయ శాఖ సంజీవరావు గారిని అడిగాడు. మా డిపో ఆయన కిందే ఉంది. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు. చెప్పడం మాత్రం బాగా చెప్పాడు.

"డిపార్టుమెంటు తప్పేమీ లేదండీ. ప్రతి డబ్బా మీదా లేబులుంటుంది. పుర్రెబొమ్మ, ఎర్రటి అక్షరాలు, అన్నీ ఉంటాయి. ఆవిడ డిపో పెరట్లోంచి ఎవరినీ అడక్కుండా డబ్బా పట్టుకుపోయి, లేబులు చింపి పారేసి, బియ్యం పోసుకుంది. వీళ్ళకి చెప్పి చెప్పి మా నోళ్ళు పడిపోయాయి. ఇంకొక సంగతి సార్. అందరికీ వడ్డించింది, తను మాత్రం ముద్ద ముట్టలేదు. నేనేమీ అనడం లేదు, రాసుకోమంటున్నాను."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పండుగనాడు బైబిలమ్మ అందరూ తిన్నాక తింటుంది. మా అమ్మ పాతికేళ్ళుగా అట్లాగే తింటోంది. ఆ రోజు ఆమె ఆకు ముందు కూర్చునేసరికే ఆఖరి బంతిలో వాళ్ళు పడి కొట్టుకుంటున్నారు. డబ్బా అడుగు బియ్యం పడింది రెండో గుండిగలో. ఆ గుండిగ అన్నం పెట్టింది ఆఖరి బంతికి. ఆ బంతిలో కూర్చున్నది వడ్డన చేసినవాళ్ళు, నీళ్ళు పోసినవాళ్ళు. ప్రేమలీల నీళ్ళు పోసింది. పని చేసినవాళ్ళే పోయారు, నాలాంటివాళ్ళు ముందు బంతిలో కూర్చుని తిని బతికారు.

తర్వాత ఆనందబాబును పిలిచారు. ఇరవై రెండేళ్ళ పిల్లవాడు, మూడు వారాల్లో సగమయ్యాడు.

"డబ్బా బయటికి పోయేటప్పుడు లేబులు ఉందా?" అని అడిగాడు వరదాచారి గారు.

వాడు సంజీవరావు గారి వైపు చూశాడు. "గుర్తులేదు సార్."

"ఎవరు పట్టుకెళ్ళారు?"

"గుర్తులేదు సార్."

చెంప మీద ఒకటి పీకాలనిపించింది. కన్నతల్లి ఎదురుగా కూర్చుని ఉంటే గుర్తులేదట! కానీ ముందురోజు సాయంత్రం సంజీవరావు గారు వాడిని జీపులో కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడిన సంగతి నాకు తెలుసు. ఉద్యోగం పోతుంది, జైలుకు పోతావు అని చెప్పి ఉంటాడు.

ఇక అమ్మ. తెల్లచీర, చంకలో బైబిలు. బెంచీ మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకుంది.

"డబ్బా మీ ఇంటికి ఎట్లా వచ్చిందమ్మా?"

"వచ్చింది నాయనా. చింతపండేసి తోమినా, బూడిదేసి తోమినా. మూడు దినాలు ఎండలో పెట్టినా. కిరసనాయిలు వాసన కొట్టింది. కిరసనాయిలు డబ్బాలు తోముకోని వాడుకునేది మా ఊళ్ళో అందురూ చేసేదే గదా. అదీ అట్లాంటిదే అనుకున్యా."

అది నిజం. మా ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా కిరసనాయిలు డబ్బాలే బియ్యానికి, కందిపప్పుకు, ఎండుచేపలకు. ఎండ్రిన్ వాసన కూడా దాదాపు అదే. తోమితే పోయిందనుకుంటాం. అతుకుల్లో దాక్కున్నది పోదని ఆసుపత్రి డాక్టరమ్మ చెప్పేదాకా మాకేం తెలుసు?

"లేబులు చూడలేదా?" అన్నాడాయన.

నేను ఇక ఆగలేకపోయాను. లేచి నిలబడ్డాను.

"అయ్యా, మా అమ్మ దారిలో కాగితం ముక్క కనపడితే వంగి తీసి చదువుతుంది. పకోడీలు కట్టిచ్చిన కాగితం చదువుతుంది. గోడ మీద సినిమా బొమ్మ కింద రాతలు చదివి, చదివినందుకు పాపమని ప్రార్థన చేసుకుంటుంది. ఇంట్లోకొచ్చిన డబ్బా మీద పుర్రెబొమ్మ ఉంటే, ఇదేందని అడక్కుండా బియ్యం పోస్తుందా? ఆ డబ్బా ఇంట్లోకి వచ్చేసరికే దాని మీద ఏమీ లేదు. నేను చూసినాను. నున్నగా ఉన్నింది."

వరదాచారి గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బాగుందమ్మా. అయితే దాన్ని ఎవరు తీశారు? తీసిన లేబులు ఎక్కడికి పోయింది? డిపోలో లేబుళ్ళు ఏం చేస్తారు, సంజీవరావు గారూ?"

"ఏం చేస్తామండీ, ఏమీ చేయం," అన్నాడు సంజీవరావు గారు. కానీ ఆ మాట కాస్త తొందరగా వచ్చింది.

లేబుళ్ళు ఏం చేస్తారో నాకు తెలుసు.

డిపోకు మందు పెద్ద డబ్బాల్లో వస్తుంది. రైతులు సీసా తెచ్చుకుంటే అందులో కొలిచి పోస్తారు. డబ్బా ఖాళీ అయిందనడానికి రుజువు కావాలని తాలూకా ఆఫీసు వాళ్ళు ఒక పద్ధతి పెట్టారు. తడి గోనెసంచి కప్పి లేబులును చిరగకుండా ఊడదీయాలి. దాన్ని ఒక పుస్తకంలో అంటించి, కింద డబ్బా నంబరు, తేదీ రాయాలి. పై ఆఫీసరు వచ్చినప్పుడు పేజీలు లెక్కపెట్టి సంతకం చేస్తాడు. పుర్రెబొమ్మలన్నీ భద్రంగా పుస్తకంలోకి పోయేవి. డబ్బాలు బోసిగా పెరట్లోకి పోయేవి. ఎవరికి ప్రమాదమని చెప్పాలో వాళ్ళకు తెలిసేది కాదు, తాలూకా ఆఫీసుకు మాత్రం ఆ ప్రమాదం బ్రహ్మాండంగా తెలిసేది.

మా తమ్ముడి చేతిరాత కోడి గెలికినట్టుంటుంది. ఆఫీసరు ఒకసారి తిట్టాడట. అప్పటి నుంచి వాడు లేబుళ్ళను చుట్టచుట్టి, పుస్తకంతో పాటు ఇంటికి తెచ్చేవాడు. బడి నుంచి వచ్చాక, దీపం పెట్టేలోపల, వసారాలో కూర్చుని మైదా జిగురుతో అంటించి, నంబరు వేసింది నేనే. ఆ పుస్తకానికి పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసిందీ నేనే.

అక్కడితో అయిపోతే బాగుండును. లేబుల్ మీద సన్నటి ఇంగ్లీషు అక్షరాలుండేవి. ట్రైనింగు చదివినదాన్ని గదా, నాకు ఇంగ్లీషు వచ్చుననే పొగరు ఒకటి. క్రిస్మసుకు ముందు వారం ఒకరోజు ఆనందుడికి పైకి చదివి అర్థం చెప్పాను. "ఖాళీ డబ్బాను పగలగొట్టి పూడ్చిపెట్టవలెను. తిండి పదార్థములు ఉంచరాదు" అని. చెప్పి, నవ్వాను.

"దొరలకేంరా, డబ్బాలు చెట్లకు కాస్తాయి కాబోలు! ఇంత మంచి డబ్బా పగలగొడతారంట. అమ్మ కుండలో బియ్యానికి పురుగు పడతా ఉంది. ఒకటి తెచ్చి పెట్టరాదా? బాగా తోమితే సరిపోతుంది."

వాడు తెచ్చాడు. వాడికి నేనంటే గురి. అక్క చదువుకున్నది, అక్కకు తెలుసు అనుకున్నాడు.

మూడు వారాలుగా ఈ మాటను నా మనసు ఎక్కడ దాచిపెట్టిందో నాకే తెలియదు. ఊరిని తిట్టాను, సంజీవరావును తిట్టాను, తమ్ముడిని తిట్టాను. అధికారి ఆ ప్రశ్న అడిగేదాకా నన్ను నేను ఒక్కసారి కూడా అడగలేదు. నిలబడినదాన్ని నిలబడినట్టే ఉన్నాను.

అప్పుడు అమ్మ ఒక పని చేసింది. ఒళ్ళో ఉన్న బైబిలు తీసి పక్కన బెంచీ మీద పెట్టింది. పెట్టి, దానికి దూరంగా జరిగి కూర్చుంది.

"నేనే చింపినా నాయనా," అంది. "లేబులు ఉన్నింది. బొమ్మ బాగలేదని చింపి పొయ్యిలో ఏసినా. డబ్బా కూడా నేనే ఎత్తకొచ్చినా, నా బిడ్డకు తెలీదు. ఆ అయ్యగారు చెప్పిందంతా నిజమే. రాసుకో."

యాభై ఎనిమిదేళ్ళ మా అమ్మ అబద్ధం చెప్పడం నేను అదే మొదటిసారి వినడం. దాని కోసం బైబిలు పక్కన పెట్టింది. ఆనందబాబు గోడకేసి తిరిగి ఏడుస్తున్నాడు. సంజీవరావు గారు ఊపిరి పీల్చుకున్నాడు. గడప మీద క్రీస్తురాజు మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"నవోమమ్మత్త ఆ పని చెయ్యదు," అన్నాడు, ఎవరికీ కాకుండా. "నా బిడ్డకు పేరు పెట్టిందే ఆమె."

వరదాచారి గారు పెన్ను తీయలేదు. అమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, మీకు తెలియాలి గనక చెబుతున్నాను. ఢిల్లీలో ఈ మందుల మీద దేశం మొత్తానికీ ఒక చట్టం తయారవుతోంది. లైసెన్సు లేనివాడు అమ్మకూడదు, సీసాల్లో పోసి అమ్మకూడదు, డబ్బా మీద ఆ ఊరి భాషలో రాసి ఉండాలి, ఖాళీ డబ్బా ఊళ్ళోకి పోకూడదు అని కొందరం అంటున్నాం. ఇవన్నీ ఎందుకు, తప్పంతా వాడుకునేవాళ్ళ అజాగ్రత్తే అంటున్నారు ఇంకొందరు. మీరు ఈ కాగితం మీద సంతకం పెడితే వాళ్ళ మాటే గెలుస్తుంది. మీ మీద కేసు నడుస్తుంది, రెండేళ్ళు పడవచ్చు. డబ్బాలు మాత్రం ఇట్లాగే పెరట్లోకి పోతూ ఉంటాయి. అన్నం తిని రండి. రెండు గంటలకు బడి గంట కొట్టించండి. అప్పుడు రాస్తాను."

ఇంటికి వచ్చాం. ఆనందుడు రాలేదు, సంజీవరావు గారు జీపు దగ్గరికి పిలిచాడు. అమ్మ పొయ్యి రాజేసింది. చేటలో బియ్యం పోసి రాళ్ళు ఏరింది. ఎసట్లో పోసేముందు, చెయ్యి అలవాటు కొద్దీ, ఒక పిడికెడు తీసింది. డబ్బా పోయాక కొన్న మట్టికుండలో వేసింది.

ఇంకా ఎవరి కోసమమ్మా ఆ పిడికెడు? ఆ బియ్యం ఇక ఊళ్ళో ఎవరు తింటారు? మూడు వారాలుగా మా గడప తొక్కినవాళ్ళు లేరు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"ఎందుకమ్మా అబద్ధం చెప్పినావు?"

"గెట్టిగా అరవొద్దు."

"అరుస్తా. లేబుళ్ళ పుస్తకం ఉంది. డిపోలో ఉంది. దాన్ని చూపిస్తే నీ తప్పు లేదని తేలిపోతుంది. ఇప్పుడే పోయి తెస్తా."

"డిపోలో లేదు," అంది అమ్మ.

చూశాను. ఆమె కుండ వైపు చూడకుండా ఉండటానికి కష్టపడుతోంది. నేను పోయి కుండలో చెయ్యి పెట్టాను. మోచేతి దాకా లోపలికి పోయాక బియ్యం అడుగున అట్ట తగిలింది. లాగితే బయటికి వచ్చింది, క్యాలెండరు కాగితం మీద గొర్రెపిల్లను ఎత్తుకున్న ప్రభువు బొమ్మతో.

"ఆ ఆదివారం అందరినీ ఆసుపత్రికి తోలినాక ఇంటికొచ్చినా. నీ బడి పుస్తకాల కింద మిగిలిపోయి ఉన్నింది. తెరిచినా," అంది అమ్మ. "ముప్పై ఏడో నంబరు కాడ తేదీ చూసినా. డబ్బా మనింటికి వచ్చిన దినమే గదా."

"ఆనందుణ్ణి కాపాడాలని చెప్పినావా?"

అమ్మ నా ముఖం చూసింది. మూడు వారాల్లో మొదటిసారి సూటిగా చూసింది.

"ఆ పొద్దు నువ్వు నవ్వింది నాకు ఇనపడిందే కరుణా. నేను ఈడనే పొయ్యి కాడ ఉన్యా. ఇంగిలీషు మాట ఏందో సరిగ్గా ఇనపడలా. ఒకటి తెచ్చి పెట్టరాదా అన్నావే, అది ఇనపడింది. నా మీద పేమతో అన్నావు. పురుగు ఏరలేక నా కండ్లు పోతా ఉండాయని అన్నావు. ఆ పేమకు నిన్ను జైలుకు పంపీమంటావా?"

అమ్మకు మొదటి నుంచీ తెలుసు. నాకంటే ముందే తెలుసు.

"నాకు వయసైపోయింది. జైల్లో కూడా ఆడోళ్ళు ఉంటారు, వాళ్ళకూ వాక్యం చెప్పేవాళ్ళు కావాల. నువ్వూ ఆనందుడూ బతకాల్సినోళ్ళు. గంట కొట్టే ముందర దాన్ని పొయ్యిలో ఎయ్యి. నేను ఎయ్యలేకపోయినా. అచ్చుకాగితం కాల్చాలంటే చెయ్యి రాలా."

పొయ్యి మండుతూనే ఉంది. పుస్తకం నా చేతిలో ఉంది. దాన్ని తెరిచాను. ఒకటి, రెండు, మూడు. ప్రతి పేజీకీ ఒక పుర్రె, కింద ముత్యాల్లాంటి నా అక్షరాలు. ఎంత పొందికగా అంటించానో! ఒక్క మూల కూడా లేవలేదు. ముప్పై ఏడో పేజీ దగ్గర ఆగాను. "డబ్బా నం. 37. తేదీ 17-12-65." ట్రైనింగు స్కూల్లో జర్మనీ దొరసాని ఏడంకెకు నడుమ చిన్న గీత గీయడం నేర్పింది. మా ఊళ్ళో ఆ గీత గీసేది నేనొక్కదాన్నే.

నిజం చెప్పొద్దూ, పుస్తకాన్ని పొయ్యి దాకా తీసుకుపోయాను. అట్ట అంచుకు సెగ తగిలింది. ప్రేమలీల ఏడంకె వేసేటప్పుడు నన్ను చూసి అదే గీత గీసేది. పలక నిండా ఏడులు వేసి, "టీచరమ్మా, నీ ఏడు నాకు వచ్చేసింది," అని చూపించేది. చెయ్యి వెనక్కి వచ్చింది.

"కరుణా!" అంది అమ్మ.

నేను పుస్తకం కొంగులో చుట్టుకుని బయటికి వచ్చాను. బడి గంట ఎప్పుడూ కొట్టేది నేనే, ఆ రోజూ నేనే కొట్టాను.

అందరూ వచ్చారు. అమ్మ వెనకాలే పరిగెత్తుకొచ్చింది, అన్నం తినలేదు. బైబిలు ఇంట్లోనే వదిలేసి వచ్చింది. క్రీస్తురాజు గడప మీదే ఉన్నాడు, అసలు లేవనేలేదు. నేను నేరుగా పోయి పుస్తకాన్ని డబ్బా పక్కన పెట్టాను.

"ఇదండీ లేబుళ్ళు పోయే చోటు," అన్నాను. "ముప్పై ఏడో పేజీ చూడండి. ఆ డబ్బాదే. డిపోలోనే ఊడదీసినారు. మా అమ్మ చింపలేదు."

సంజీవరావు గారి ముఖం మాడిపోయింది. "అది ఆఫీసు పుస్తకం సార్, బయటికి ఎలా వచ్చిందో..."

"పొద్దున అలాంటిది ఏదీ లేదన్నారు," అన్నాడు వరదాచారి గారు. ఆయన గొంతు పెంచలేదు.

ఆయన ఒక్కో పేజీ తిప్పాడు. ముప్పై ఏడు దగ్గర ఆగి, డబ్బాను పక్కకు తిప్పి, దాని మీద లేబులు ఉండిన మచ్చకు పేజీని ఆనించి చూశాడు. సరిగ్గా సరిపోయింది. పెన్ను తీశాడు.

"ఇది ఎవరి చేతిరాత?"

చెప్పాలనే వచ్చాను. దేవుని సాక్షిగా చెప్పాలనే వచ్చాను. కానీ గడప మీద ఉన్న మనిషి తలెత్తి చూశాడు, నేను చూపు పక్కకు తిప్పుకున్నాను.

"నాదే సార్," అన్నాడు ఆనందబాబు, ముందుకు వచ్చి. "డబ్బా ఇంటికి ఇచ్చిందీ నేనే. అమ్మకు ఏమీ తెలీదు. పొద్దున అబద్ధం చెప్పినాను."

"కాదు నాయనా, అది నా రాతే," అంది అమ్మ అదే క్షణంలో. "నాకు చదువు వచ్చు గదా, నేనే రాసిచ్చేదాన్ని."

వరదాచారి గారు వాళ్ళిద్దరినీ చూశాడు. నన్ను చూశాడు. తర్వాత ఏదో ఆలోచిస్తూ కుర్చీలో వెనక్కి తిరిగాడు. ఆయన తల పైనే నల్లబల్ల ఉంది. "ఆరోగ్య సూత్రములు. ఆహార పదార్థములపై మూత ఉంచవలెను" అని పాఠం. మూలన, "తేదీ 7-3-66. హాజరు 27." రెండు ఏడులకూ నడుమ గీత.

పేజీ చూశాడు, బల్ల చూశాడు. మళ్ళీ పేజీ చూశాడు.

"టీచరు గారూ," అన్నాడు నెమ్మదిగా, "మిమ్మల్ని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను. తొందరపడకండి. అంటించేటప్పుడు ఈ లేబుల్ మీది ఇంగ్లీషు మీరు చదివారా? చదవలేదంటే అట్లాగే రాసుకుంటాను. ఊళ్ళో టీచరుకు కూడా చేరని హెచ్చరిక హెచ్చరిక కాదని రాస్తాను, దాన్ని ఢిల్లీలో ఎవరూ కాదనలేరు. మీ మీద కేసు కూడా నిలవదు. చదివారంటే మాత్రం, అమ్మా, నా చేతిలో ఏమీ ఉండదు."

ఎంత దయగల ప్రశ్న! ఒక్క అబద్ధంతో అమ్మ బయటపడుతుంది, తమ్ముడు బయటపడతాడు, చట్టానికి బలం వస్తుంది. అందరికీ మంచిదే. అమ్మ నా వైపే చూస్తోంది. చదవలేదని చెప్పు, చెప్పు తల్లీ అని కళ్ళతో బతిమాలుతోంది.

నేను గడప వైపు చూశాను. పొద్దున్నుంచీ ఒక్క పేరు కోసం కూర్చున్న మనిషి అక్కడ ఉన్నాడు. ఢిల్లీకి చట్టం కావాలి. క్రీస్తురాజుకు కావాల్సింది చట్టం కాదు.

"చదివినానండీ," అన్నాను. "చదివి, అర్థం చెప్పి, నవ్వినాను. డబ్బా తెమ్మన్నది నేను."

అమ్మ బెంచీ మీద కూలబడిన చప్పుడు వినిపించింది.

క్రీస్తురాజు గడప మీద నుంచి లేచాడు.